స్థానం వారి నడక

తెలుగువారు నాటకం చూడడానికి వెళ్ళినారనడం కంటె వినడానికి వెళ్ళినారనడమే సత్యానికి దగ్గర. పద్యం అందుకొన్న నటుని గొంతు ఏ స్థాయికి పోతుంది, రాగం ఎంతసేపు నిలుస్తుంది, హార్మోనియం వాయించేవాడు అతని వెంట పోగలడా లేడా అన్నవే మన పెద్దల లెక్కలు. 'వన్స్ మోర్' అన్న కేక గొంతుకు పడిందే గాని, నడకకు పడినట్లు మేమెన్నడూ వినలేదు. భరతముని అభినయాన్ని ఆంగికం, వాచికం, ఆహార్యం, సాత్త్వికం అని నాలుగు విధాలుగా చెప్పి, ఆంగికాన్ని మొదట లెక్కించినాడు. మనమో, వాచికానికి పెద్దపీట వేసి, ఆహార్యాన్ని అద్దె దుకాణానికి అప్పగించి, ఆంగికాన్ని నాట్యగత్తెల సొత్తని వదలివేసినాము.

ఇట్టి సంప్రదాయంలో నిలిచి, గొంతుతో పాటు దేహమంతటితోనూ మాట్లాడిన నటుడొకరు మన ప్రాంతంలోనే పుట్టి, మన ప్రాంతంలోనే పేరు గడించినారు. వారి పేరు స్థానం నరసింహారావు. డిగ్రీ మొదటి సంవత్సరం తరగతిలో ఆ పేరు చెప్పగా వెనుక బల్ల నుండి ఒక విద్యార్థి, "ఏ స్థానం సార్, మొదటిదా, రెండవదా?" అని అడిగినాడు. తరగతి నవ్వింది, మేమూ నవ్వినాము. అయితే ఆ ప్రశ్నకు జవాబు వ్రాయవలసిన అవసరం మాత్రం నవ్వుతో తీరలేదు. పైగా ఈ సంవత్సరం మా కళాశాల వార్షికోత్సవంలో నాటకం ఉండాలా, వద్దా అన్న చర్చ కమిటీ పెద్దల ముందున్నది. ఆ సంగతికి తరువాత వస్తాము.

నరసింహారావు గారు 1902 సెప్టెంబరు 23న బాపట్లలో జన్మించినారు. 1920లో ఆ ఊరిలోనే హరిశ్చంద్ర నాటకం ఆడవలసిన వేళ చంద్రమతి వేషధారి రాలేదు. పద్దెనిమిదేళ్ళు నిండీ నిండని ఈ యువకుడు ఆ చీర కట్టుకొని రంగం మీదికి వెళ్ళినాడు. ఎవరో ఒకరు రాకపోవడం వలన ఎందరు మహానటులు పుట్టినారో నాటకరంగ చరిత్రలో లెక్కలేదు. తరువాత తెనాలి శ్రీరామవిలాస సభలో చేరినారు. సుమారు నాలుగు దశాబ్దాల కాలంలో వేయిన్నర ప్రదర్శనలకు పైగా ఇచ్చినారని చెబుతారు. 1956లో పద్మశ్రీ బిరుదం వచ్చింది. తమ నటనానుభవాలను 'నటస్థానం' అన్న గ్రంథంగా వ్రాసినారు. 1971 ఫిబ్రవరి 21న కన్నుమూసినారు.

తేదీల కంటె వారు ధరించిన పాత్రల వరుస చూడండి. భర్త మాట కోసం అమ్ముడుపోయిన చంద్రమతి. సవతి కొడుకును మోహించిన చిత్రాంగి. విప్రనారాయణుని తపస్సు చెడగొట్టిన దేవదేవి. కన్యాశుల్కంలో మధురవాణి. కాళ్ళకూరి నారాయణరావు గారి చింతామణి. కొప్పరపు సుబ్బారావు గారి నాటకంలో మొగలు రాకుమారి రోషనార. ముత్తరాజు సుబ్బారావు గారి శ్రీకృష్ణ తులాభారంలో సత్యభామ. వీరిలో దేవదేవి, మధురవాణి, చింతామణి ముగ్గురూ వేశ్యలే. చీర మార్చినంత మాత్రాన, నగ మార్చినంత మాత్రాన ఈ ముగ్గురూ ముగ్గురు కారు. దేవదేవి పందెం గెలవడానికి వచ్చి, తానే ఓడిపోతున్నది. మధురవాణికి ఎదుటివాడు నోరు తెరవక ముందే అతని జేబూ, గుండే రెండూ తెలుసు. చింతామణి మొదట ఒక స్త్రీ, చివర మరొక స్త్రీ. ఒకే మగదేహం ఈ ముగ్గురినీ వేరువేరుగా నిలబెట్టవలెనంటే, నడుము ఎక్కడ ఆనుతుంది, బరువు ఏ పాదం మీద ఉంటుంది, చూపు ముందు కదులుతుందా మెడ ముందు కదులుతుందా అన్న లెక్కలు ముందే కట్టుకొని ఉండాలి.

ఆనాటి రంగస్థలం ఎట్టిదో తలచుకొంటే ఈ లెక్కల అవసరం బోధపడుతుంది. పెట్రోమాక్సు దీపాల వెలుగులో రాత్రి నాటకం. వెనుక నేల టిక్కెట్టు మీద కూర్చున్నవానికి నటుని కనుబొమ కనబడదు, పెదవి వణుకు కనబడదు. వానికి కనబడేది ఆకారమూ, దాని కదలికా మాత్రమే. దగ్గర నుండి ముఖాన్ని చూపే సౌకర్యం సినిమాకు ఉన్నది గాని నాటకానికి లేదు. కనుక నేల టిక్కెట్టువాని కోసం దేహమే ముఖం కావలసి వచ్చింది.

ఈ విషయంలో మా ఇంట తరతరాలుగా చెప్పుకొనే మాట ఒకటున్నది. మా నానా గారి తండ్రి రేపల్లెలో దర్జీ. తెనాలిలో స్థానం వారి నాటకమని తెలిస్తే కుట్టు పని కట్టిపెట్టి సాయంకాలం రైలెక్కి పోయేవారట. తెల్లవారి బండికి తిరిగి వచ్చి ఎర్రబడిన కళ్ళతోనే మిషను ముందు కూర్చొనేవారట. దర్జీకి మనిషి దేహం భుజాల దగ్గర మొదలవుతుంది. జాకెట్టు ఎంత చక్కగా కుట్టినా మగవాని భుజం దాగదు. ఆయన నానా గారితో అన్నమాట ఇది: "అందరూ ఆయన చీర చూసేవాళ్ళు. నేను భుజాలు వెతికేవాణ్ణి. కనబడేవి కావు. వాటిని ఆయన ఇంట్లో పెట్టి వచ్చేవాడేమో!" భుజాలు ఇంట్లో పెట్టి రావడం కుదరదు. వాటిని కొంచెం వెనుకకు, కొంచెం క్రిందికి వదలి, మోచేతులను దేహానికి దగ్గరగా ఉంచి, అడుగు నిడివి తగ్గిస్తే చూచేవానికి అవి కనబడకుండా పోతాయి. నాటక విమర్శకులు వ్రాసిన వాటిలో మేము చదివిన పొగడ్తలన్నింటి కంటె ఆ దర్జీ మాట మాకు ఎక్కువ చెప్పింది.

సత్యభామ సంగతి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. తులాభారంలో ఆంధ్రదేశమంతా పాడుకొన్న సత్యభామ పాట స్థానం వారు స్వయంగా కట్టుకొన్నదేనని అంటారు. 1966లో అదే పేరుతో సినిమా వచ్చినప్పుడు ఆ పాటను సుశీల గారు పాడగా జమున గారు అభినయించినారు. కనుక నేటి విద్యార్థులకూ అది తెలిసినదే. స్థానం వారు ఒకే పల్లవిని మరల మరల ఎత్తుకొని, ఎత్తుకొన్న ప్రతిసారీ ఒక క్రొత్త భావం చూపేవారని చూచినవారందరూ చెప్పినారు. మాట మారలేదు, స్వరమూ పెద్దగా మారలేదు. మరి మారినదేది? ఒకసారి గర్వం, ఒకసారి అనుమానం, ఒకసారి మగని మీద మోజు. ఇవన్నీ నిలుచున్న తీరులో, చేయి విరిచిన తీరులో ఉన్నవి. అక్షరాలు అవే ఉండగా అర్థాన్ని దేహం మార్చగలదని చెప్పడానికి ఇంతకంటె మంచి ఉదాహరణ మాకు తెలియదు.

ఇక్కడ ఒక వింత చెప్పకుండా ఉండలేము. 1942లో వచ్చిన 'సత్యభామ' చిత్రంలో స్థానం వారు నటించినారు. సత్యభామగా కాదు, శ్రీకృష్ణునిగా! సత్యభామ పాత్రను పుష్పవల్లి ధరించినది. కెమెరా దగ్గరకు వచ్చి చూస్తుంది. దానికి నిజమైన స్త్రీ ముఖం కావాలి. తెనాలి నేల టిక్కెట్టువానికి కావలసినది సత్యభామ. సినిమాకు కావలసినది స్త్రీ. ఈ రెండింటికీ గల భేదమే నటన.

రేపల్లె దాటి పెనుమూడి వద్ద కృష్ణను దాటితే దివిసీమ. అక్కడి నుండి కూచిపూడి ఎంతో దూరం లేదు. సిద్ధేంద్రయోగి పేర నిలిచిన భామాకలాపంలో సత్యభామ వేషం పురుషులు కట్టడం ఆ గ్రామ సంప్రదాయం. వేదాంతం సత్యనారాయణ శర్మ గారు (1935–2012) ఆ వేషంలో లోకప్రసిద్ధులు. అంటే నదికి ఆ వైపున ఒక సత్యభామ, ఈ వైపున ఒక సత్యభామ. ఆవలి సత్యభామకు తాళముంది, జతులున్నవి, శాస్త్రముంది, గురువున్నాడు. ఆమె నడక తరానికి తరం అప్పగింత అవుతూ వచ్చింది. ఈవలి సత్యభామకు వీటిలో ఏదీ లేదు. ఒక మనిషి స్వయంగా పరిశీలించి కూర్చుకొన్న నడక అది. స్థానం వారి తరువాత స్త్రీ పాత్రలలో బుర్రా సుబ్రహ్మణ్యశాస్త్రి గారి వంటివారు పేరు పొందినారు. అయినా, ఇది స్థానం వారి పద్ధతి, దీనిని ఇట్లా అభ్యసించవలెనని చెప్పే పాఠశాల తెనాలిలోనో, బాపట్లలోనో ఏర్పడలేదు. మా బాధ ఇదే.

ఇతర దేశాలలో ఏమి జరిగిందో చూడండి. చైనాలో మెయ్ లాన్‌ఫాంగ్ (1894–1961) అనే నటుడు స్థానం వారి వలెనే స్త్రీ పాత్రలకు పుట్టినవాడు. 1930లో అమెరికాలోనూ, 1935లో సోవియట్ రష్యాలోనూ ప్రదర్శనలిచ్చినాడు. మాస్కోలో ఆయనను చూచినవారిలో స్తానిస్లావ్‌స్కీ, మేయర్‌హోల్డ్, ఐసెన్‌స్టెయిన్, జర్మన్ నాటకకర్త బ్రెహ్ట్ ఉన్నారు. బ్రెహ్ట్ ఆ మరుసటి సంవత్సరమే చైనా నటనను గురించి ఒక వ్యాసం వ్రాసినాడు. వేషం లేదు, రంగు లేదు, దీపాలు లేవు. మామూలు గదిలో, దొరల విందు కోటు తొడుక్కొని ఉండగానే మెయ్ లాన్‌ఫాంగ్ స్త్రీ కదలికలను చేసి చూపిన సంగతి అందులో ప్రస్తావించినాడు. ఆ వ్యాసం నేటికీ ప్రపంచమంతటా నాటక విద్యార్థులకు పాఠమే. మన దర్జీ మాట మాత్రం రేపల్లె దాటలేదు!

ఆ తరువాతి తరంలో పోలండు దేశంలో గ్రొటోవ్‌స్కీ (1933–1999) వచ్చినాడు. మేము ఎం.ఏ. చదివే రోజులలో విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో ఆయన పుస్తకాన్ని పట్టుదలతో చదివినాము, సగం అర్థమైనది. ఆ సగంలోని సారాంశం ఇది. సినిమాతోనూ, టెలివిజనుతోనూ ఆడంబరంలో పోటీపడి నాటకం గెలవలేదు. కనుక సెట్టింగులు తీసివేయి, దీపాల మాయ తీసివేయి, రంగులు తీసివేయి. చివరకు తీసివేయడానికి వీలులేనివి రెండే మిగులుతాయి, నటుడూ, ప్రేక్షకుడూ. దానిని ఆయన పేద నాటకరంగమన్నాడు. 1959లో ఓపోలే అనే చిన్న ఊరిలో పదమూడు వరుసల కుర్చీలున్న హాలులో పని ప్రారంభించినాడు. ఆయన నటులు రోజుల తరబడి మాటలు లేకుండా దేహాభ్యాసం చేసేవారు. ఆయన శిష్యుడు యూజీనియో బార్బా 1963లో కేరళ కళామండలానికి వచ్చి కథకళి శిక్షణను చూచి వెళ్ళినాడు. తెనాలి జంక్షనులో ఎవరూ దిగలేదు. దిగితే చూపడానికి మన దగ్గర బడి లేదు, నటుడు మాత్రమే ఉన్నాడు.

పేద నాటకరంగమన్న మాట విని మాకు వెంటనే జ్ఞప్తికి వచ్చినది షేక్ నాజర్ గారు. గుంటూరు జిల్లా పొన్నెకల్లులో 1920లో పుట్టి, బుర్రకథకు ఆంధ్రదేశంలో గౌరవం తెచ్చి, 1986లో పద్మశ్రీ పొంది, 1997లో అస్తమించిన ఈ మహాకళాకారుని ఆత్మకథ పేరు 'పింజారి'. ఆయనకు తెర లేదు, సెట్టు లేదు. భుజాన తంబుర, వేలికి అందెలు, ఇరుపక్కల డక్కీలతో ఇద్దరు వంతలు. ఆ ముగ్గురే పల్నాటి యుద్ధం చేసినారు. కథకుడు రెండడుగులు ముందుకు వేస్తే సైన్యం కదిలినట్లు, ఒకడుగు వెనుకకు వేస్తే వీరుడు కూలినట్లు. మా వర్గంలోని పెద్దలు కొందరు నాటకమంటే మన ఇంటిది కాదన్నట్లు మాట్లాడుతారు. వారికి నాజర్ గారి పేరు చెప్పడమే మా సమాధానం. ఉర్దూ విభాగం మిత్రులు అమానత్ ఇందర్ సభను గుర్తు చేసినా మాకు సంతోషమే.

మరి ఈ ఆంగికం ఎందుకు వెనుకబడింది? దీనికి మైకు కొంతవరకు కారణమని మా అభిప్రాయం. రంగం మధ్య మైకు నిలబెట్టిన నాటి నుండి నటుని కాళ్ళకు త్రాడు పడినది. పద్యం వచ్చినప్పుడు మైకు దగ్గరకు రావడం, పద్యం కాగానే తప్పుకోవడం. ఇంతకు మించిన నడక పరిషత్తు పోటీలలో సైతం కొన్నిచోట్ల కనబడదు. మా విద్యార్థులైతే నాటకానికి వచ్చినా వక్తృత్వ పోటీకి వచ్చినట్లే నిలుచుంటారు: కుడిచేయి గాలిలో, ఎడమచేయి ప్యాంటు జేబులో.

స్త్రీ వేషాన్ని మేము పొగడుతున్నామని ఎవరూ అపార్థం చేసుకొనవద్దు. పురుషుడు స్త్రీ పాత్ర ధరించిన రోజులలో స్త్రీకి రంగం మీద చోటు లేకపోయిందన్న మాట నిజం. సురభి కుటుంబాలలో మొదటి నుండీ స్త్రీలు నటించినారు గాని, ఇతర సమాజాలలో ఆ తలుపు చాలాకాలం మూసియే ఉన్నది. బళ్ళారి రాఘవాచార్యులు గారు (1880–1946) స్త్రీ పాత్ర స్త్రీయే ధరించాలని పట్టుబట్టి, కొమ్మూరి పద్మావతీదేవి వంటి విద్యావతులను రంగం మీదికి తెచ్చినారు. ఈ వాదంలో మేము రాఘవ పక్షమే. స్థానం వారి నుండి నేర్చుకోవలసినది చీర కట్టడం కాదు, పరిశీలన. ఆ పరిశీలన స్త్రీకి పురుషునికి, వృద్ధునికి బాలునికి సమానమే.

ఇక మా కళాశాల సంగతి. నిరుడు వార్షికోత్సవంలో మా శాఖ పక్షాన ఒక ఏకాంకిక ప్రదర్శించినాము. కొడుకు గల్ఫుకు వెళ్ళి ఉత్తరం ముక్క రాయని ఒక తల్లి కథ. ఆడపిల్లలను పంపడానికి ఇండ్లలో ఒప్పుకొనలేదు గనుక తల్లి వేషం బి.కాం. చదివే ఒక విద్యార్థి కట్టినాడు. అద్దె చీర, అద్దె సవరం. అతడు రంగం మీదికి రాగానే ఈలలు, కేకలు. పాపం, ఆ పిల్లవాడు చివరి మాట దాకా నిలిచి చెప్పినాడు గాని, చెప్పినదొక్కటీ ఎవరికీ వినబడలేదు. ఆనాటి నుండి కమిటీలో కొందరు, నాటకం వద్దు, క్విజ్ పెట్టుదాం, గౌరవంగా ఉంటుందంటున్నారు. వారి ఉద్దేశం మంచిదే. ఒక విద్యార్థి నలుగురిలో నవ్వులపాలు కారాదన్నది వారి చింత.

ఆ విద్యార్థే ఈ సంవత్సరం జూలైలో మా గదికి వచ్చి, మళ్ళీ అదే వేషం వేస్తానన్నాడు. మేము సరేనన్నాము, ఒక షరతు పెట్టినాము: చీర లేదు, సవరం లేదు, మూడు నెలల దాకా మాట కూడా లేదు. కాలేజీ ప్యాంటు, చొక్కాతోనే ఖాళీ బిందెను నిండు బిందెగా మోయడం, నేల మీద కూర్చొని లేవడం, తలుపు తట్టిన చప్పుడు విని పోస్టుమానా కాదా అని ఆగడం. మొదటి వారం గది కిటికీ దగ్గర నవ్వినవారే నవ్వినారు. రెండవ వారంలో అతడు ఒక విషయం కనిపెట్టి వచ్చినాడు.

"సార్, మా దాదీ నమాజు చేసి లేచేటప్పుడు చూశాను. ముందు కుడిచేయి మోకాలి మీద వేస్తుంది. తరువాత 'యా అల్లా' అంటుంది. మనం ఎప్పుడూ ముందు 'అమ్మా' అని మూలిగి తరువాత లేస్తున్నాం. తప్పు సార్. చేయి ముందు, మాట తరువాత."

ఎం.ఏ.లో మేము చదివిన అలంకారశాస్త్రమంతా ఆ క్షణాన మాకు చిన్నదిగా తోచినది. అతడు చేసి చూపినాడు. చొక్కా, ప్యాంటు, చేతికి ప్లాస్టిక్ గడియారం. అయినా నేల మీద నుండి లేచినది అరవై యేండ్ల స్త్రీయే. కిటికీ దగ్గర నిలుచున్నవారిలో ఒకడు మెల్లగా లోపలికి వచ్చి, తనకూ ఏదైనా వేషం ఉందా అని అడిగినాడు. అతనికి పోస్టుమాను వేషం ఇచ్చినాము. సైకిలు లేకుండా సైకిలు దిగడం నేర్చుకొంటున్నాడు. ఇంకా రాలేదు.

కమిటీ పెద్దలకు మా విన్నపం ఒకటే. నిర్ణయం చేసే ముందు ఏదైనా ఒక బుధవారం సాయంకాలం నాలుగు గంటలకు పాత గ్రంథాలయ గదికి దయచేయండి. ఖర్చు పద్దులో అద్దె చీర, సవరం, మేకప్ మనిషి, ఆర్కెస్ట్రా అన్నవి కొట్టివేసినాము. మిగిలినవి ఒక బిందె, ఒక చాప. నేల మీదే ఆడుతాము గనుక మైకు కూడా అక్కరలేదు. చుట్టూ మూడు వరుసల కుర్చీలు చాలు.

ఇంకొక సంగతి. ఈ సంవత్సరం ముగ్గురు విద్యార్థినులు తమ పేర్లిచ్చినారు. ఇద్దరు బాపట్ల వైపు నుండి, ఒకరు రేపల్లె నుండి వస్తారు. తమకు తల్లి వేషమే కావాలన్న నియమం లేదనీ, పోస్టుమాను వేషమైనా వేస్తామనీ అన్నారు. ఇండ్లకు ఉత్తరాలు పంపినాము. రెండు ఇండ్ల నుండి అంగీకారం వచ్చింది. రేపల్లె తల్లిగారు మాత్రం ఫోను చేసి, "నాటకం సంగతి సరే సార్, రిహార్సల్ ఎన్ని గంటలకు వదులుతారు?" అని అడిగినారు. అయిదు గంటలకే వదలి, సాయంత్రం బండికి మా అధ్యాపకురాలొకరు స్వయంగా స్టేషనుకు వచ్చి ఎక్కిస్తారని చెప్పినాము. రేపు వాళ్ళ నాన్నగారితో మాట్లాడి చెబుతామన్నారు.